అడక్కుండా వచ్చే ఓఎస్ అప్‌గ్రేడ్‌ని ఇంటి కంప్యూటర్‌లో ఆపడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్ ఏళ్ళ తరబడి బానే నడుస్తుంటుంది, ఏది ఎక్కడుందో చేతికి అలవాటైపోయి ఉంటుంది, అలాంటిది ఒకరోజు ఆన్ చేస్తే మొత్తం వేరే కంప్యూటర్‌లా కనిపిస్తుంది. ఈ విషయంలో చుట్టాలూ ఫ్రెండ్సూ నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాస్తున్నా. ఎక్కువ విండోస్ గురించే ఉంటుంది ఎందుకంటే గొడవంతా అక్కడే, మ్యాక్, లైనక్స్ సంగతి చివర్లో చెప్తా.

అప్‌డేట్, అప్‌గ్రేడ్ రెండూ ఒకటే కాదా?

కాదండి, ఇదొక్కటి అర్థమైతే మిగతాదంతా ఈజీ. ఓఎస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, కంప్యూటర్‌ని నడిపించే విండోస్ లాంటి మూల సాఫ్ట్‌వేర్. అప్‌డేట్ అంటే ఉన్న ఓఎస్‌కి రిపేర్లు, మైక్రోసాఫ్ట్ అయితే ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ రిపేర్లు వదుల్తుంది, వాటితో స్క్రీన్ మీద పెద్దగా ఏమీ మారదు. అప్‌గ్రేడ్ అంటే ఓఎస్సే మారిపోవడం, విండోస్ 10 పోయి 11 రావడం లాంటిది. మధ్యలో ఫీచర్ అప్‌డేట్ అని ఇంకోటి ఉంది, పేరు అదే ఉంటుంది కానీ వెర్షన్ మారుతుంది, 23హెచ్2 నుంచి 24హెచ్2కి వెళ్ళడం లాంటిది. మనం ఆపాల్సింది అప్‌గ్రేడ్‌ని, కావాలంటే ఫీచర్ అప్‌డేట్‌ని కొన్నాళ్ళు. నెలనెలా వచ్చే రిపేర్లని మాత్రం ఆపొద్దు, ఎందుకో కింద చెప్తా.

కొత్తది మంచిదే కదా, ఎందుకు వద్దనుకోవాలి?

మంచిదే కావచ్చు, ఎప్పుడు మారాలో మాత్రం కంప్యూటర్ ఎవరిదో వాళ్ళు తేల్చుకోవాలి. మా పిన్ని ఒకరోజు ఫోన్ చేసి "ఏరా, కంప్యూటర్ మొహం మారిపోయింది, స్కానర్ ఏమో కదలట్లేదు, నేనేం నొక్కానో నాకే తెలీట్లేదు" అంది. వెళ్ళి చూస్తే కింద ఎడమ పక్కన ఉండాల్సిన బటన్ మధ్యలోకి వచ్చేసింది, డెస్క్‌టాప్ మీద ఆవిడ వరసగా పెట్టుకున్న ఐకాన్లు చెల్లాచెదురయ్యాయి, స్కానర్‌కి పచ్చ లైటు వెలుగుతోంది కానీ కంప్యూటర్‌కి అది కనపడట్లేదు. ఆ స్కానర్ కంపెనీ వాళ్ళు ఆ మోడల్‌కి కొత్త డ్రైవర్, అంటే స్కానర్‌ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్, రాయడం ఎప్పుడో మానేశారు, అంటే స్కానర్ బాగున్నా పనికిరాదు. మూడు గంటలు కూర్చుని వెనక్కి పాత విండోస్‌కి తిప్పాం, దానికి పది రోజులే గడువు (కింద చెప్తా), పదో రోజు దాటలేదు కాబట్టి సరిపోయింది. పాత ప్రింటర్లు, అకౌంట్లు రాసుకునే పాత సాఫ్ట్‌వేర్, సంగీతం రికార్డ్ చేసుకునే పరికరాలు, ఇలాంటివి ఉన్న వాళ్ళకి ముందు అన్నీ పనిచేస్తాయో లేదో చూసుకుని అప్పుడు మారే టైమ్ కావాలి. ఆ టైమ్ కోసమే ఈ ఆపడం.

నాకు చెప్పకుండా దానంతట అదే ఎక్కేస్తుందా?

విండోస్ 10 నుంచి 11కి అయితే ఎక్కడో ఒక చోట మీరు సరే అనాలి. కానీ ఆ సరే అనిపించుకునే పద్ధతి ఉంది చూశారూ, అక్కడే జనం పడిపోతారు. 2015 జులై 29న విండోస్ 10 వచ్చినప్పుడు విండోస్ 7, 8.1 ఉన్నవాళ్ళకి ఏడాది పాటు ఫ్రీ అన్నారు. టాస్క్‌బార్‌లో చిన్న విండోస్ గుర్తు ఒకటి వచ్చి కూర్చుంది, తర్వాత 2016 ఫిబ్రవరిలో దాన్ని రికమెండెడ్ అప్‌డేట్ కింద మార్చారు, దాంతో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్‌లో ఉన్న కంప్యూటర్లలో అదే డౌన్‌లోడ్ అయ్యి మొదలుపెట్టడం జరిగింది. అదే ఏడాది మే నెలలో ఇంకో అడుగు ముందుకేసి, ఆ బాక్స్ మీద మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా సరే ముందే పెట్టిన టైమ్‌కి అప్‌గ్రేడ్ అయిపోయేలా చేశారు. ఇంటూ అంటే వద్దు అని ఇన్నేళ్ళుగా అందరికీ అలవాటు కదా, అది నమ్మక ద్రోహం అని నేను అప్పుడూ అన్నా ఇప్పుడూ అంటా. కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ తన ఆఫీస్ కంప్యూటర్ దెబ్బతిందని కోర్టుకి వెళ్తే 10,000 డాలర్లు కట్టాల్సొచ్చింది మైక్రోసాఫ్ట్‌కి.

ఇప్పుడు అంత మొండిగా లేదు, కానీ అడగడం మాత్రం ఆపలేదు.

నా కంప్యూటర్‌లో ఇప్పుడు ఏముందో ఎలా తెలుస్తుంది?

కీబోర్డ్‌లో విండోస్ గుర్తున్న కీ, ఆర్ కలిపి నొక్కండి, వచ్చిన చిన్న బాక్స్‌లో విన్‌వర్ (winver) అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. విండోస్ ఎంత, వెర్షన్ ఎంత అని చూపిస్తుంది. మీ విండోస్ ఎడిషన్ హోమా ప్రోనా అనేది కూడా అక్కడే కింద ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి ఎందుకంటే ఆపే పద్ధతి దాన్ని బట్టే ఉంటుంది.

స్క్రీన్ నిండా వచ్చే ఆ పెద్ద ప్రకటనలో ఎక్కడ నొక్కాలి?

తొందరపడి ఎంటర్ కొట్టకండి, ముందు చెయ్యి మౌస్ మీంచి తీసేసి మొత్తం చదవండి. ఎప్పుడూ ఒకటే పద్ధతి, అప్‌గ్రేడ్ అనేది పెద్ద నీలం బటన్, వద్దు అనేది దాని పక్కనో కిందో చిన్న అక్షరాల్లో. కీప్ విండోస్ 10 అని గానీ డిక్లైన్ అని గానీ ఉంటుంది, అదే నొక్కాలి. ఒక్కోసారి ఒకసారి వద్దన్నాక ఇంకో పేజీ వచ్చి మళ్ళీ వేరే మాటల్లో అడుగుతుంది, అక్కడ బటన్లు అటూ ఇటూ మారి ఉంటాయి కాబట్టి మొదటి పేజీలో ఎడమ పక్కన నొక్కా కదా అని రెండో దాంట్లో కూడా అక్కడే నొక్కితే దొరికిపోతారు. రిమైండ్ మీ లేటర్ అంటే వద్దు అని కాదు, తర్వాత అడుగు అని. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో కూడా స్టే ఆన్ విండోస్ 10 ఫర్ నౌ అని ఒక లింకు కనపడితే అది నొక్కండి.

పాజ్ బటన్ సరిపోదా?

కొన్ని వారాలకి సరిపోతుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గర పాజ్ అప్‌డేట్స్ ఉంటుంది, విండోస్ 10లో 35 రోజుల దాకా ఆపుకోవచ్చు, 11లో అయిదు వారాలు అంటుంది, లెక్క అదే. ఆ గడువు అయ్యాక అప్పటిదాకా పేరుకున్నవన్నీ ఎక్కించుకుంటే గానీ మళ్ళీ పాజ్ చెయ్యనివ్వదు. పైగా పాజ్ చేస్తే సెక్యూరిటీ రిపేర్లు కూడా ఆగిపోతాయి, అందుకే ఊరెళ్ళే ముందో, ముఖ్యమైన పని మధ్యలో ఉన్నప్పుడో తప్ప నేను దాని జోలికి పోను.

మీటర్డ్ కనెక్షన్ అని పెడితే?

వైఫై ప్రాపర్టీస్‌లో సెట్ యాజ్ మీటర్డ్ కనెక్షన్ అని ఉంటుంది, అది ఆన్ చేస్తే డేటా లెక్కపెట్టి వాడే కనెక్షన్ అనుకుని పెద్ద డౌన్‌లోడ్లు తగ్గిస్తుంది. ఉన్నంతలో పనికొచ్చే అడ్డు, కానీ అది ఆ ఒక్క వైఫైకే, వేరే నెట్‌వర్క్‌కి కలిపితే అక్కడ మళ్ళీ పెట్టాలి. ముఖ్యమైన అప్‌డేట్లు అయినా రావచ్చు, దీన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

నాది ప్రో ఎడిషన్. గట్టిగా ఆపాలంటే?

మీ అదృష్టం బాగుంది, మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఇచ్చిన తాళం ఉంది. స్టార్ట్‌లో గ్రూప్ పాలసీ అని వెతికి ఎడిట్ గ్రూప్ పాలసీ తెరవండి. కంప్యూటర్ కాన్ఫిగరేషన్ లోపల అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, అందులో విండోస్ కాంపొనెంట్స్, అందులో విండోస్ అప్‌డేట్. విండోస్ 10లో అయితే ఇంకా లోపల విండోస్ అప్‌డేట్ ఫర్ బిజినెస్ అనే ఫోల్డర్‌లో సెలెక్ట్ ద టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్ అని ఉంటుంది. దాన్ని ఎనేబుల్డ్ చేసి, మొదటి గడిలో విండోస్ 10 అని, రెండో గడిలో 22హెచ్2 అని రాయండి, రెండూ ఇంగ్లీషులోనే. ఓకే కొట్టి రీస్టార్ట్ చెయ్యండి. ఇంక అది ఆ వెర్షన్ దగ్గరే నిలబడుతుంది, నెలనెలా రావాల్సిన సెక్యూరిటీవి మాత్రం ఈ తాళం వల్ల ఆగవు (విండోస్ 10కి అవి రావాలంటే ఇప్పుడు ఇంకో పని కూడా చెయ్యాలి, కింద చెప్తా). వద్దన్నది రాకుండా, కావాల్సినది ఆగకుండా ఉండేది ఇదొక్కటే, అందుకే నాకు అన్నిటికన్నా ఇదే నచ్చుతుంది.

మొదటి గడి ఖాళీగా వదిలేస్తున్నారు చాలామంది. వెర్షన్ రాశాం చాలదా అనుకుంటారు కానీ 22హెచ్2 అనే వెర్షన్ విండోస్ 10లోనూ ఉంది 11లోనూ ఉంది, ఏ విండోసో చెప్పకపోతే ఎలా తెలుస్తుంది దానికి? రెండూ రాయండి.

నాది హోమ్ ఎడిషన్, గ్రూప్ పాలసీ కనపడట్లేదు?

హోమ్‌లో అది ఉండదు. అదే పని రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోట, చెయ్యొచ్చు కానీ ముందు రిజిస్ట్రీ ఎడిటర్‌లో ఫైల్ మెనూ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి ఒక కాపీ దాచుకోండి, తప్పు చోట చెయ్యి పడితే కంప్యూటరే మొరాయిస్తుంది. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఈ వరసలో లోపలికెళ్ళి విండోస్‌అప్‌డేట్ అనే కీ లేకపోతే తయారుచెయ్యండి, రెండు మాటల మధ్య స్పేస్ ఉండకూడదు. అందులో మూడు విలువలు పెట్టాలి, టార్గెట్‌రిలీజ్‌వెర్షన్ అని ఒక డీవర్డ్ (అంకె పెట్టే రకం) విలువ 1, ప్రొడక్ట్‌వెర్షన్ అని ఒక స్ట్రింగ్‌లో (అక్షరాలు పెట్టే రకం) విండోస్ 10, టార్గెట్‌రిలీజ్‌వెర్షన్‌ఇన్ఫో అని ఇంకో స్ట్రింగ్‌లో 22హెచ్2. పేర్లన్నీ ఇంగ్లీషులో, స్పేస్ లేకుండా. ఒక్క విండోస్ 10 అనే విలువలో మాత్రం 10కి ముందు స్పేస్ ఉండాలి.

ఇదంతా చేత్తో చెయ్యడం భయం అనిపిస్తే స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామర్ రాసిన ఇన్‌కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఫ్రీ, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, ఈ విలువలే అది రాసిపెడుతుంది. 2016 గొడవప్పుడు విండోస్ 10 రాకుండా ఆపే నెవర్10 అనే ప్రోగ్రామ్ రాసింది కూడా ఆయనే. ఆయన సైట్ నుంచే తీసుకోండి, వేరే డౌన్‌లోడ్ సైట్లలో దొరికేవి ముట్టుకోకండి.

ఒక్క మాట, మైక్రోసాఫ్ట్ ఈ పాలసీని అధికారికంగా ఇచ్చింది ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ వాళ్ళకే. అందుకే హోమ్‌లో ఇది పెట్టినా స్క్రీన్ మీద వచ్చేవి చదివి వద్దనడం మానొద్దు.

బయోస్‌లో టీపీఎం ఆఫ్ చేస్తే అప్‌గ్రేడ్ రాదంటున్నారు, నిజమా?

నిజమే. బయోస్ అంటే విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల ప్రోగ్రామ్, టీపీఎం అంటే సెక్యూరిటీ కీలు దాచే చిప్. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, సెక్యూర్ బూట్ చెయ్యగలిగే యూఈఎఫ్‌ఐ (బయోస్‌కి కొత్త రూపం) కావాలి, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచి. టీపీఎం కనపడకపోతే మీ కంప్యూటర్ పనికిరాదని అదే అనుకుంటుంది. కానీ ఆగండి. మీ డిస్క్‌లో ఉన్నదంతా తాళం వేసి దాచే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉంటే, టీపీఎం ఆఫ్ చేసిన మరుక్షణం 48 అంకెల రికవరీ కీ అడుగుతూ నీలం స్క్రీన్ వస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో అది మనం ఆన్ చెయ్యకుండానే ఆన్ అయి ఉంటుంది, ఆ కీ ఎక్కడుందో కూడా మనకి తెలీదు. కీ దొరక్కపోతే ఫోటోలు, ఫైళ్ళు అన్నీ పోయినట్టే. ఒక అప్‌గ్రేడ్ ఆపడానికి అంత రిస్క్ దేనికండి, పైన చెప్పిన పద్ధతి ఉండగా ఇది వద్దనే చెప్తా.

అసలు విండోస్ అప్‌డేట్ సర్వీసునే ఆపేస్తే పీడా పోతుంది కదా?

దయచేసి వద్దు. మొదటిది, అది ఆగదు, విండోస్ అప్‌డేట్ మెడిక్ సర్వీస్ అని ఇంకోటి ఉంటుంది, ఆపినదాన్ని మళ్ళీ లేపి కూర్చోబెట్టడమే దాని పని. రెండోది, ఒకవేళ నిజంగా ఆపేసినా నష్టం మీకే. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) ప్రపంచమంతా పాకింది, ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి, ఎంతమంది ఫైళ్ళకి తాళాలు పడ్డాయో. అది దూరిన కన్నానికి రిపేరు మార్చి 14నే వచ్చేసింది, అంటే రెండు నెలల ముందే, ఎక్కించుకోని కంప్యూటర్లే దొరికిపోయాయి. 2016లో అప్‌గ్రేడ్ విసుగుతో అప్‌డేట్లు మొత్తం ఆపేసుకున్న వాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు, ఇలాంటిది వచ్చినప్పుడల్లా నా గుండె దడదడలాడేది వాళ్ళని తల్చుకునే.

ఇప్పటికే డౌన్‌లోడ్ అయిపోయిందనుకుంటా, షట్ డౌన్ చేస్తే ఎక్కేస్తుందా?

పవర్ మెనూలో అప్‌డేట్ అండ్ షట్ డౌన్, అప్‌డేట్ అండ్ రీస్టార్ట్ అని ఉంటే జాగ్రత్త. పక్కనే మామూలు షట్ డౌన్ కూడా ఉంటే అది నొక్కండి. ముందు విండోస్ అప్‌డేట్ పేజీ తెరిచి వచ్చింది నెలవారీ రిపేరా, పెద్ద అప్‌గ్రేడా చూడండి, రిపేరైతే ఎక్కనివ్వండి. అప్‌గ్రేడైతే డిస్క్ క్లీనప్ తెరిచి క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ నొక్కి టెంపరరీ విండోస్ ఇన్‌స్టాలేషన్ ఫైల్స్ అనేదానికి టిక్ పెట్టి తీసెయ్యండి, జీబీల కొద్దీ జాగా కూడా వస్తుంది. ఆ వెంటనే పైన చెప్పిన తాళం వెయ్యండి, లేకపోతే మళ్ళీ డౌన్‌లోడ్ అవుతుంది.

ఒకవేళ ఇన్‌స్టాల్ అప్పటికే మొదలై శాతాలు తిరుగుతుంటే మాత్రం ప్లగ్ పీకొద్దు. పూర్తవ్వనిచ్చి తర్వాత వెనక్కి రండి.

అయ్యో, అప్‌గ్రేడ్ అయిపోయింది. వెనక్కి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, కానీ 10 రోజుల్లోపే. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అక్కడ గో బ్యాక్ అని ఉంటుంది. పాత విండోస్ మొత్తం సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది, పది రోజులయ్యాక అదే చెరిపేస్తుంది, జాగా చాల్లేదని మీరే చెరిపేసినా దారి మూసుకుపోయినట్టే. ఇంకొన్నాళ్ళు ఆలోచించుకోవాలి అనుకుంటే డిజమ్ అనే కమాండ్‌తో ఆ గడువుని 60 రోజుల దాకా పెంచుకోవచ్చు, అది కూడా మొదటి పది రోజులు దాటకముందే చెయ్యాలి. వెనక్కి వెళ్ళేముందు మీ ఫైళ్ళు వేరే డిస్క్‌లో కాపీ పెట్టుకోండి, అప్‌గ్రేడ్ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములు పోతాయి, వాటిని మళ్ళీ వేసుకోవాలి. గడువు దాటితే కొత్తగా విండోస్ ఎక్కించుకోవడమే.

విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది కదా, ఇంకా దాంట్లోనే ఉంటే ప్రమాదం కాదా?

మంచి ప్రశ్న, సూటిగా చెప్తా. 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది, అంటే పైన చెప్పిన తాళం వేసి ఊరుకుంటే నెలనెలా వచ్చే రిపేర్లు కూడా ఉండవు. దానికి ఈఎస్‌యూ (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్) అని ఒకటి ఇచ్చారు, అందులో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీవి వస్తాయి. చేరడానికి మూడు దారులు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే ఫ్రీ, లేదా 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లు, ఒక లైసెన్స్ 10 కంప్యూటర్ల దాకా పనికొస్తుంది. యూరోపియన్ ఎకనామిక్ ఏరియా దేశాల వాళ్ళకి ఇంకొంచెం సులువు చేశారు. మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, అప్పుడే విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ నౌ కనపడుతుంది.

కాబట్టి విండోస్ 10 మీద ఉండాలనుకుంటే తాళం ఒక్కటే చాలదు, ఈఎస్‌యూలో చేరడం కూడా చెయ్యాలి. రెండోది చెయ్యనంటే ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చెయ్యొద్దని మా పిన్నికి చెప్పిన మాటే మీకూ చెప్తున్నా.

ఆల్రెడీ విండోస్ 11లోనే ఉన్నా, ఏటా వచ్చే పెద్ద వెర్షన్‌ని ఆపొచ్చా?

కొంతకాలం. హోమ్, ప్రోలకి ఒక్కో వెర్షన్‌కి 24 నెలలు సపోర్ట్ ఉంటుంది, ఆ గడువు దగ్గరపడితే తర్వాత వెర్షన్ అదే ఎక్కించుకుంటుంది. తొందర లేదనుకుంటే విండోస్ అప్‌డేట్ పేజీలో గెట్ ద లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్ అనే స్విచ్ ఆఫ్‌లో ఉంచండి. ప్రో వాళ్ళు పై పాలసీలోనే విండోస్ 11 అని, కావాల్సిన వెర్షన్ అని రాసుకోవచ్చు.

మ్యాక్‌లో ఎలా?

సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, అక్కడ ఆటోమేటిక్ అప్‌డేట్స్ పక్కన ఉన్న ఐ గుర్తు నొక్కితే స్విచ్‌లు వస్తాయి. ఇన్‌స్టాల్ మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్స్ ఆఫ్ చెయ్యండి, సెక్యూరిటీ రెస్పాన్సెస్ అని ఉన్నది ఆన్‌లోనే ఉంచండి. అప్‌డేట్ పేజీలో కొత్త ఓఎస్ పెద్దగా కనపడుతుంది, మీ పాత ఓఎస్‌కి వచ్చిన రిపేరు కింద చిన్న మోర్ ఇన్ఫో లింకు వెనక ఉంటుంది, అది తెరిచి ఆ రిపేరు మాత్రం వేసుకోండి. మ్యాక్‌లో విండోస్‌లా గో బ్యాక్ బటన్ లేదు, వెనక్కి రావాలంటే మొత్తం చెరిపి మళ్ళీ ఎక్కించుకోవాలి. అందుకే ఇక్కడ నొక్కే ముందే ఆలోచించాలి.

లైనక్స్‌లో ఉబుంటు వాడుతున్నా, దానికీ ఈ గొడవ ఉందా?

గొడవేం లేదు, అడుగుతుంది అంతే. సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్‌లో అప్‌డేట్స్ ట్యాబ్‌లో కొత్త వెర్షన్ గురించి చెప్పాలా అన్నచోట నెవర్ పెట్టండి. ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే) వెర్షన్ అయితే 5 ఏళ్ళు రిపేర్లు వస్తాయి, మామూలుదైతే 9 నెలలే, కాబట్టి మారడం ఇష్టం లేనివాళ్ళు ఎల్‌టీఎస్ వేసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్ళు వాడే కంప్యూటర్‌కి ఏం చెయ్యాలి?

తాళం మీరే వెయ్యండి, కానీ వాళ్ళకి చూపించకుండా వెయ్యకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఆ ప్రకటన ఎలా ఉంటుందో, నీలం బటన్ ఏదో చిన్న లింకు ఏదో చూపించండి. మా పిన్ని కంప్యూటర్ మానిటర్ కింద అంచుకి ఒక పసుపు కాగితం అంటించాను, "పెద్ద నీలం బటన్ వస్తే నొక్కకు, ఫోటో తీసి నాకు పంపు" అని రాసి. ఇప్పటికి నాలుగు ఫోటోలు వచ్చాయి, అందులో మూడు మామూలు నెలవారీ రిపేర్లే, రీస్టార్ట్ చేసుకో పిన్నీ అని చెప్పాను.

ఒకసారి పెట్టాక మళ్ళీ చూసుకోవాలా?

చూసుకోవాలి. రెండు మూడు నెలలకోసారి విన్‌వర్ కొట్టి వెర్షన్ అదే ఉందో లేదో, అప్‌డేట్ హిస్టరీలో ఈ నెల సెక్యూరిటీది ఎక్కిందో లేదో చూడండి. కంప్యూటర్‌ని రీసెట్ చేసినా, విండోస్ మళ్ళీ ఎక్కించినా ఈ తాళం పోతుంది, మళ్ళీ మొదట్నుంచి వెయ్యాలి. మీరే మారాలి అనుకున్న రోజు ఆ పాలసీని నాట్ కాన్ఫిగర్డ్‌కి తిప్పండి, రిజిస్ట్రీలో అయితే ఆ మూడు విలువలు తీసేసి రీస్టార్ట్ చెయ్యండి, అప్‌గ్రేడ్ మళ్ళీ కనపడుతుంది.